బాపు లింకులో పాస్‌వర్డ్ కొట్టారు, ఓటీపీ దగ్గర ఆగారు. ఇప్పుడు ఏం చేయాలి?

హన్మకొండ బిడ్డ
శనివారం రాత్రి 8:40

నమస్తే అందరికీ. చేతులు వణుకుతున్నాయి, రాసేది అటూ ఇటూ అయితే ఏమనుకోకండి.

మా బాపు పరకాల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు హన్మకొండలో నా దగ్గరే ఉంటారు. ఈసారి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను నయీంనగర్‌లో ఒకాయన దగ్గర వేయించాం. కొంత రీఫండ్ వస్తుందని ఆయన చెప్పినప్పటి నుంచి బాపు రోజూ మెయిల్ తెరిచి చూసుకుంటూనే ఉన్నారు. ఇవాళ సాయంత్రం ఒక మెయిల్ వచ్చింది. పైన మూడు సింహాల గుర్తు, కింద ఆదాయపు పన్ను శాఖ పేరు, "మీకు 18,640 రూపాయల రీఫండ్ మంజూరైంది, బ్యాంకు ఖాతా వివరాలు సరిపోలడం లేదు, 24 గంటల్లో సరిచేసుకోకపోతే రద్దవుతుంది" అని రాసి, ఒక బటన్. బాపు నొక్కారు. బ్యాంకుల పేర్లన్నీ వరుసగా వచ్చాయట, మా బ్యాంకు పేరు మీద నొక్కితే అచ్చం ఆ బ్యాంకు పేజీలాంటిదే తెరుచుకుందట. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టారు. తర్వాతి పేజీ మెయిల్ ఐడీ, దాని పాస్‌వర్డ్ అడిగితే అవీ ఇచ్చేశారు.

అప్పుడు ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. బాపుకు ఏ మెసేజ్ వచ్చినా కళ్లద్దాలు సర్దుకుని, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివే అలవాటు. "బెనిఫిషియరీని యాడ్ చేయడానికి మీ ఓటీపీ" అని చదువుతుంటే, వంటింట్లో బియ్యం ఏరుతున్న అమ్మ విని, "పైసలు మనకు వచ్చేటివి కదా, మనం ఇంకెవరినో చేర్చుడేంది?" అంది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి నెలనెలా పైసలు పంపేది అమ్మే, బెనిఫిషియరీ అంటే మనం పైసలు పంపే మనిషి అని ఆమెకు బాగా తెలుసు. బాపు అక్కడ ఆగిపోయారు. ఓటీపీ కొట్టకుండా పేజీ మూసేశారు. ఇదంతా ఏడున్నరకు జరిగింది, నేను ఎనిమిది దాటాక ఇంటికి వచ్చాను.

ఖాతాలోంచి ఇప్పటిదాకా ఏమీ పోలేదు. ఇవాళ రెండో శనివారం, రేపు ఆదివారం, బ్యాంకు సోమవారం దాకా తెరవరు. పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుందా? లింక్ నొక్కినందుకు ఫోన్‌లోకి ఏమైనా దూరి ఉంటుందా? అసలు ఇలాంటి మెయిల్ నకిలీదని ముందే ఎలా పట్టుకోవాలి? ఆ మెయిల్ నేను కూడా చూశాను, నిజం చెప్తున్నా, నాకు వచ్చినా నమ్మేదాన్నే. బాపు అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు, అన్నం కూడా ముట్టలేదు.


కాజీపేట జంక్షన్
శనివారం రాత్రి 8:52

అక్కా, సోమవారం దాకా ఆగొద్దు. బ్రాంచి మూసి ఉన్నా, కార్డూ నెట్ బ్యాంకింగూ ఆపించే ఫోన్ నంబర్ రాత్రింబగళ్లు పనిచేస్తుంది. అది ఏటీఎం కార్డు వెనక ఉంటుంది, అక్కడ చూసే కొట్టండి. గూగుల్‌లో మాత్రం వెతకొద్దు, కస్టమర్ కేర్ అని దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లు మస్తుమంది ఉన్నారు. ఫోన్ ఎత్తగానే, పాస్‌వర్డ్ బయటికి పోయింది, నెట్ బ్యాంకింగ్ మొత్తం ఆపేయండి, కొత్తగా ఎవరినైనా బెనిఫిషియరీగా చేర్చారేమో చూసి చెప్పండి అని అడగండి. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబర్, ఫోన్ చేసిన టైము కాగితం మీద రాసుకోండి.

టైము ఎందుకు రాసుకోమంటున్నానంటే, రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల్లో ఒక ముఖ్యమైన మాట ఉంది. ఖాతాదారు తనే పాస్‌వర్డ్ లాంటివి ఎవరికైనా ఇచ్చేసిన కేసులో, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము ఖాతాదారు మీదే పడుతుంది, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకు భరించాలి. అంటే ఇప్పుడు 9 గంటలకు చెప్పకుండా సోమవారం పొద్దున పదిన్నరకు వెళ్లి చెబుదాంలే అనుకుంటే 37 గంటలకు పైగా ఆ బరువు మీ నెత్తి మీదే ఉంటుంది.

మెయిల్ పాస్‌వర్డ్ కూడా పోయింది అన్నారు చూడండి, నాకు బ్యాంకు కన్నా అదే ఎక్కువ భయంగా ఉంది. ఏ పాస్‌వర్డ్ మర్చిపోయినా కొత్తది పెట్టుకునే లింక్ వచ్చేది ఆ మెయిల్‌కే కదా. బాపు ఫోన్ పక్కన పెట్టి మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో తెరిచి ఇప్పుడే మార్చండి, రైలు టికెట్లకో ఇంకోదానికో అదే పాస్‌వర్డ్ వాడుతుంటే అక్కడ కూడా మార్చండి. లింక్ నొక్కినంత మాత్రాన ఫోన్ పాడవడం అరుదు, నష్టమంతా మనం టైపు చేసిన దాంతోనూ దించుకున్న యాప్‌తోనూ వస్తుంది. అయినా యాప్‌ల లిస్టు ఒకసారి తిరగేయండి, ఇవాళ కొత్తగా ఏదైనా దిగి ఉంటే తీసేయండి.

పైసలు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనేవాణ్ని. పోలేదు కాబట్టి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, అది పైసా పోకపోయినా తీసుకుంటారు. రాత్రి మధ్యలో ఒక్క రూపాయి కదిలినా మాత్రం వెంటనే 1930.


హన్మకొండ బిడ్డ
శనివారం రాత్రి 9:31

తమ్ముడూ, నీ మేలు మర్చిపోను. బ్యాంకువాళ్లు ఎత్తడానికి పదకొండు నిమిషాలు పట్టింది, కానీ ఎత్తాక వెంటనే ఆపేశారు. కొత్త బెనిఫిషియరీ ఎవరూ చేరలేదట, ఓటీపీ కొట్టకపోవడం వల్లే అని చెప్పారు. కార్డు కూడా బ్లాక్ చేయించాం. మెయిల్ పాస్‌వర్డ్ నా ల్యాప్‌టాప్‌లో మార్చాను. ఫోన్‌లో కొత్త యాప్‌లేమీ లేవు.


కరీంనగర్ సిస్టమ్స్
శనివారం రాత్రి 9:50

చెల్లెమ్మా, నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో మెయిల్ సర్వర్, కంప్యూటర్లు చూస్తుంటాను, ఇలాంటి మెయిల్స్ చూడటం నాకు రోజూ ఉన్న పనే. పాస్‌వర్డ్ మార్చడంతో అయిపోలేదు. ఆ ల్యాప్‌టాప్‌లోనే జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, ఏ మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఫిల్టర్లు ఉండే చోట, మెయిల్స్‌ను ఇంకో అడ్రస్‌కు పంపే ఫార్వర్డింగ్ ఉండే చోట చూడండి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్లు కనిపించవు, అందుకే చాలామంది ఇది వదిలేస్తారు. తర్వాత గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్లి, మీకు తెలియని డివైజ్ ఏదైనా లాగిన్ అయి ఉందేమో, రికవరీ ఫోన్ నంబర్, రికవరీ మెయిల్ మీవేనో కాదో చూడండి. దొంగ లోపలికి వచ్చిన వెంటనే చేసే పని మళ్లీ రావడానికి ఒక దొడ్డిదారి పెట్టుకోవడం. ఇవి చూశాకే, పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో ఆధారం కూడా అడిగే రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి.

ఇక ఎలా గుర్తుపట్టాలి అన్నారు. పంపినవారి పేరు అని కనిపించే చోట ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, దానికి ఏ విలువా లేదు. ఫోన్‌లో ఆ పేరు మాత్రమే కనిపిస్తుంది, దాని మీద నొక్కితేనే అసలు మెయిల్ అడ్రస్ బయటపడుతుంది. లింకు కూడా అంతే, బటన్ మీద ఏం రాసి ఉందో వదిలేసి అది ఎక్కడికి తీసుకుపోతుందో చూడాలి. కంప్యూటర్‌లో మౌస్ బాణం దాని మీద ఆపితే కింద మూలన అడ్రస్ కనిపిస్తుంది, ఫోన్‌లో కాసేపు నొక్కిపట్టాలి.

ఆ అడ్రస్ చదవడంలోనే చాలామంది బోల్తా పడతారు, ఎందుకంటే మనం ఎడమ నుంచి చదువుతూ మొదట కనిపించిన మాటను నమ్ముతాం. మొదట్లో వచ్చే జంట గీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. ఉత్తరం మీద అడ్రస్‌లాగే, ఊరూ జిల్లా చివర్లో ఉంటాయి. ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని మొదలుపెట్టి, ఆగకుండా దానికే డాట్ ఫలానా డాట్ కామ్ అని తగిలిస్తే, అది ఫలానా వాడి ఇల్లు. ఇంటి ముందు "వేయిస్తంభాల గుడి" అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన అది గుడి అవుతుందా? గవ్ డాట్ ఇన్ అనేది ప్రభుత్వ సంస్థలకు తప్ప బయటివాళ్లకు ఇవ్వరు, కాబట్టి అది చివర్లో ఉందా లేదా అన్నదే చూడాలి. బ్యాంకులకు కూడా ఇప్పుడు ఇలాంటిదే వచ్చింది. 2025 అక్టోబర్ 31 లోపు అందరూ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే అడ్రస్‌కు మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, వాటిని ఇచ్చేది మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. మీ బ్యాంకు పేజీ దానితో ముగుస్తుందో లేదో ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. అక్షరాలు కూడా దగ్గరగా చూడండి, ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే చిన్న స్క్రీన్ మీద ఎం లాగే ఉంటుంది.

పక్కన తాళం గుర్తు ఉంది కదా అని ధైర్యపడొద్దు. మీకూ ఆ సైట్‌కూ మధ్య మూడోవాడు వినలేడు అని మాత్రమే దానర్థం, ఆ సైట్ దొంగవాడిదే అయితే తాళం వేసి మరీ దొంగకు ఇచ్చినట్టు. తప్పులు, అచ్చు పొరపాట్లు ఉంటే నకిలీ అని ఇదివరకు చెప్పేవాళ్లం. ఇప్పుడు ఏఐతో రాయిస్తున్నారు, నాకు వచ్చే దొంగ మెయిల్స్‌లో తెలుగు కూడా శుభ్రంగా ఉంటోంది. జీమెయిల్‌లో ఒరిజినల్ చూపించమంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు పరీక్షలు పాసయ్యాయో లేదో కనిపిస్తుంది. ఫెయిల్ అంటే పక్కా అనుమానించాలి, కానీ పాస్ అని ఉంటే అసలుదే అనుకోవద్దు. ఆ మెయిల్ నిజంగా ఆ డొమైన్, అంటే అడ్రస్‌లో ఎట్ తర్వాత ఉన్న పేరు, నుంచే వచ్చింది అని మాత్రమే అది చెబుతుంది, దొంగ తన సొంత డొమైన్ కొనుక్కుని పంపినా మూడూ పాసే.

నాకు వీటన్నిటికన్నా పనికొచ్చింది పాస్‌వర్డ్ మేనేజర్, అంటే మన పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి, అవసరమైన చోట నింపే యాప్. అది సేవ్ చేసిన అడ్రస్‌లో తప్ప ఇంకెక్కడా పాస్‌వర్డ్ తనంతట తాను నింపదు. మన కన్ను బొమ్మకు మోసపోతుంది, దానికి బొమ్మతో పనే లేదు. రోజూ నింపేది ఈసారి నింపలేదంటే అక్కడే ఆగి అడ్రస్ చూడండి.

ఆ మెయిల్‌ను డిలీట్ చేసే ముందు వెబ్‌మేనేజర్ ఎట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌కు ఫార్వర్డ్ చేయండి, జీమెయిల్‌లో ఫిషింగ్, అంటే వివరాలు లాగే దొంగ మెయిల్, అని రిపోర్ట్ కూడా కొట్టండి. డిపార్ట్‌మెంట్ మెయిల్స్ పంపుతుంది, అది నిజమే, కానీ మెయిల్‌లో పిన్, ఓటీపీ, పాస్‌వర్డ్ అడగదు. రీఫండ్ పడేది పోర్టల్‌లో మనం ముందే వాలిడేట్ చేసుకున్న ఖాతాలోకే, దానికి బెనిఫిషియరీని చేర్చే పని లేదు. అమ్మ అన్న మాటే అసలు పరీక్ష.


హన్మకొండ బిడ్డ
శనివారం రాత్రి 10:24

అన్నా, ఉంది! ఫిల్టర్ ఉంది. మా బ్యాంకు పేరు ఉన్న ఏ మెయిల్ వచ్చినా చదివినట్టు గుర్తుపెట్టి నేరుగా ట్రాష్‌లో పడేలా పెట్టారు. ట్రాష్ తెరిస్తే 7:41కి బ్యాంకు పంపిన మెయిల్ అందులో ఉంది, కొత్త చోటు నుంచి మీ నెట్ బ్యాంకింగ్‌లోకి లాగిన్ అయ్యారు అని హెచ్చరిక. అంటే బాపు పేజీ మూసేసిన పది నిమిషాలకు దొంగలు మళ్లీ లోపలికి వచ్చారు, మాకు తెలియకుండా ఆ కబురు కూడా దాచారు. అది చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. రికవరీ మెయిల్ దగ్గర కూడా మాది కాని అడ్రస్ ఒకటి ఉంది, తెలియని డివైజ్ ఒకటి ఉంది. ఫిల్టర్ తీసేశాను, అడ్రస్ తీసేశాను, డివైజ్‌లన్నీ లాగౌట్ చేసి పాస్‌వర్డ్ మళ్లీ ఇంకోసారి మార్చి రెండంచెల వెరిఫికేషన్ పెట్టాను. మీరు చెప్పకపోతే ఆ ఫిల్టర్ అక్కడే ఉండేది.


ఎనుమాముల లెక్కలు
ఆదివారం ఉదయం 7:15

పైన అన్న చెప్పినవన్నీ సరైనవే, కానీ అవన్నీ చూసుకున్నా నేను మోసపోయాను, అందుకే ఇది రాస్తున్నా.

ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. కొన్నేళ్ల కింద, మిర్చి జోరుగా వచ్చే రోజులు, గోనె సంచులు బయటి ఊరి వ్యాపారి దగ్గర తెప్పించుకునేవాళ్లం. బిల్లు మెయిల్‌లో వచ్చేది. ఆ రోజు వచ్చిన మెయిల్ పాత మెయిల్స్ కిందే, అదే వరుసలో వచ్చింది. అదే అడ్రస్, అదే జీఎస్టీ నంబర్, లారీ నంబర్‌తో సహా సరిగ్గా ఉంది, చివర్లో ఒక్క వాక్యం, "మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ ఖాతాకు వేయగలరు" అని. బయట బస్తాలు దిగుతున్నాయి, రైతులు పట్టీల కోసం నిలబడి ఉన్నారు, సేటు తొందర చేస్తున్నాడు. 2,35,000 ఆర్టీజీఎస్ చేసేశాను.

మూడో రోజు ఆ వ్యాపారి ఫోన్ చేసి పైసలు ఎప్పుడు వేస్తారు అని అడిగితే నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. వాళ్ల మెయిల్‌లోకి ఎవరో దూరి, కొన్ని వారాలు మా ముచ్చట్లన్నీ చదువుతూ కూర్చుని, బిల్లు టైము చూసి ఆ ఒక్క మెయిల్ పంపారు. చెల్లెమ్మ బాపు మెయిల్‌లో పెట్టిన ఫిల్టర్ లాంటిదే వాళ్ల మెయిల్‌లోనూ దొరికింది. అడ్రస్ కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా అది అసలు అడ్రసే, మీరు చెప్పిన మూడు పరీక్షలూ పాసయ్యేదే. 1930కి అప్పుడు ఫోన్ చేశాం. అప్పటికే ఖాతాల మీద ఖాతాలు మారి, ఏటీఎంలలో తీసేసుకోగా 41,000 మాత్రం ఒక ఖాతాలో ఆగింది. దాన్ని హోల్డ్ చేశారు, అది లోక్ అదాలత్‌లో ఆర్డర్ వచ్చాక తిరిగి చేతికందింది. మిగతాది నా జీతంలోంచి నెలనెలా పట్టుకున్నారు.

నేను అప్పుడు చేయాల్సింది ఒక్కటే. పాత లెడ్జర్‌లో ఉన్న వాళ్ల నంబర్‌కు ఒక ఫోన్. మెయిల్ కింద రాసి ఉన్న నంబర్‌కు చేయొద్దు, అది కూడా మార్చేసి ఉండొచ్చు. మెయిల్‌లో వచ్చిన మాటను ఇంకో తోవలో అడగాలి. ఇప్పుడు ఖాతా మారింది అని ఎవరు రాసినా, గొంతు గుర్తుపట్టేదాకా నేను రూపాయి కదపను. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్ చేసే ముందు ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటు ఉండాలని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది కాబట్టి ఆ పేరు కూడా తప్పకుండా చూస్తున్నాను. ఆ రోజు అది ఉండి ఉంటే సంచుల వ్యాపారి పేరుకు బదులు ఎవరిదో పేరు కనిపించేది.


జమ్మికుంట వదిన
ఆదివారం ఉదయం 9:05

అందరూ కంప్యూటర్ గురించి చెప్పారు, నేను బాపు గురించి చెప్తాను. మా అత్తమ్మకు కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కట్ చేస్తాం అని మెసేజ్ వస్తే, భయపడి వాళ్లు చెప్పినట్టల్లా చేసి 9,000 పోగొట్టుకుంది. మాకు చెప్పింది ఐదు రోజుల తర్వాత. ఆ ఐదు రోజులూ లోపల్లోపల కుమిలిపోయింది. మొదటి గంటలో చెప్పి ఉంటే 1930కి ఫోన్ చేసి ఆపించే వీలుండేది. ఎందుకు చెప్పలేదంటే, ఇదివరకు ఒకసారి ఫోన్‌లో ఏదో నొక్కిందని మా ఆయన అందరి ముందూ కసురుకున్నాడు, అది ఆమె మనసులో పడిపోయింది.

కాబట్టి చెల్లీ, ఫోన్ గుంజుకోవడం, ఇకనుంచి మెయిల్ నేనే చూస్తా అనడం చేయొద్దు. పిల్లలకు జీవితమంతా చదువు చెప్పిన మనిషి, ఆ మాట తట్టుకోలేరు. ఆయన ఓటీపీ దగ్గర ఆగారు, ఆ సంగతి ఆయనకు పదిసార్లు చెప్పండి. ఆ మెయిల్ ఆయన ముందు పెట్టి, ఇందులో ఏమేం తేడాలున్నాయో మీరే నాకు చూపించండి బాపూ అని అడగండి.


హన్మకొండ బిడ్డ
ఆదివారం సాయంత్రం 6:30

వదినా, మీరు చెప్పినట్టే చేశాను. మెయిల్ ప్రింట్ తీసి బాపు ముందు పెట్టాను. కాసేపు అలాగే చూసి, తన సంచిలోంచి ఎర్ర పెన్ను తీశారు, పేపర్లు దిద్దే పెన్ను. "ప్రియమైన పన్ను చెల్లింపుదారు" అన్న దగ్గర గీత గీసి, డిపార్ట్‌మెంట్ ఇదివరకు పంపిన మెయిల్‌లో నా పేరు, పాన్‌లో కొన్ని అక్షరాలు ఉన్నాయి కదా, ఇందులో లేవేంది అన్నారు. 24 గంటలు అన్న దగ్గర ఇంకో గీత. పంపిన అడ్రస్ దగ్గర కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి చదివి సున్నా చుట్టారు. తర్వాత ఇద్దరం కలిసి పోర్టల్ అడ్రస్ టైపు చేసి లాగిన్ అయ్యాం. రిటర్ను ఇంకా ప్రాసెసింగ్‌లోనే ఉంది, అంటే రీఫండ్ ఎంతో డిపార్ట్‌మెంటే ఇంకా తేల్చలేదు. ఆ 18,640 ఎక్కడిదో వాళ్లు ఊరికే రాసిన అంకె. అది చూశాక బాపు లేచి చేతులు కడుక్కుని, అన్నం పెట్టమని అమ్మను అడిగారు.

సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, నంబర్ వచ్చింది. రేపు పొద్దున బ్యాంకుకు వెళ్లి కొత్త యూజర్ ఐడీ తీసుకుంటాం. అక్కడి నుంచి బాపు పెన్షనర్ల సంఘం ఆఫీసుకు పోతారట. రేపు అక్కడ లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడానికి చాలామంది వస్తారు, తను ఎర్ర పెన్నుతో దిద్దిన ఆ కాగితం 20 జెరాక్స్‌లు తీయించమని నాతో అన్నారు. తీసే ముందు ఆ లింక్ అడ్రస్ మీద తనే పెన్నుతో నల్లగా కొట్టేశారు, ఎవరైనా ఇంటికి పోయి అది టైపు చేసి చూస్తారేమో అని.